ఒరిజినల్ బాబాయి

మా ఒరిజినల్ బాబాయిని "కారు ఎప్పుడు రోడ్డెక్కుతుంది?" అని మాత్రం అడక్కండి. "అది తర్వాత. ముందు నువ్వొకటి చెప్పు. ఉన్నది ఉన్నట్టు బాగు చేయించనా, కాలానికి తగ్గట్టు మార్పించనా?" అంటూ లోపలికి కేకేసి కుర్చీ తెప్పిస్తాడు. కుర్చీ వచ్చిందంటే ఆ పూట మీ భోజనం అక్కడే. భోజనాలు అయిపోతాయి, మజ్జిగలు అయిపోతాయి, కారు షెడ్డులోనే ఉంటుంది.

ఇలాంటివాళ్ళు ఊరికొకరు ఉంటారు. పోల్చుకోవడం తేలిక. ఇంటి పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకున్న గుట్ట, గుట్ట పక్కన స్టూలు, స్టూలు మీద బ్రాసో డబ్బా, ఒక పాత బనీను గుడ్డ. చేతిలో స్పానరు ఉంటుంది గానీ దాంతో ఏ నట్టూ విప్పరు. అది మాట్లాడేటప్పుడు గాల్లో ఊపడానికి. కొందరి గుట్ట కింద ప్రీమియర్ పద్మిని ఉంటుంది, కొందరి గుట్ట కింద స్టాండర్డ్ హెరాల్డ్. జీపులవాళ్ళది వేరే మతం, వాళ్ళ జోలికి నేను పోను. తెనాలిలో మా బాబాయి గుట్ట కింద ఉన్నది 1968 నాటి అంబాసిడర్, మార్క్ టూ.

దాన్ని కొన్నది మా చినతాతగారు. కారు కావాలంటే ముందు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. స్టీరింగ్ పక్కన చేతి గేరు, లైటు డిమ్ చేయడానికి కాలి కింద బటను, ముందు సీటు అరుగంత బల్ల. ఎక్కినవాళ్ళను లెక్కపెట్టడం అమర్యాద గనక ఎవరూ లెక్కపెట్టలేదు. మా ఇంట్లో ఆరు పెళ్ళిళ్ళు ఆ కారు మీదుగానే జరిగాయి. చినతాతగారు పోయాక కారు బాబాయి వాటాకు వచ్చింది. వాటాల్లో ఆయనే కోరుకున్నాడంటాడు. ఇంకెవరూ తీసుకోలేదంటుంది పిన్ని.

బాబాయి నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫయ్యేళ్ళు ఎస్టిమేట్లు వేసిన చెయ్యి ఊరుకుంటుందా? కారుకు రెండు ఫైళ్ళు తెరిచాడు. ఒకటి ఒరిజినల్‌ది, ఒకటి మార్పులది. ఏటా ఏప్రిల్లో రెండింటికీ రివైజ్డ్ ఎస్టిమేట్ వేస్తాడు. వేసి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీసి, సాయంత్రం పై అధికారి అయిపోయి తన ఫైలు మీద తనే కొర్రీలు రాస్తాడు. "రేటుకు ఆధారం చూపలేదు." "ఈ పని అవసరమా?" మర్నాడు పొద్దున్నే కింది ఉద్యోగిగా ఆ కొర్రీలకు జవాబులు రాస్తాడు. పదకొండేళ్ళుగా ఫైలు ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదకు నడుస్తూనే ఉంది. నడుస్తున్నది అదొక్కటే.

అసలు చిక్కు ఒరిజినల్ అంటే ఏమిటన్నది. రంగు సంగతే తీసుకోండి. ఎడమ తలుపు కింద తుప్పు పట్టినచోట బాబాయి బ్లేడుతో గీకడం మొదలుపెట్టాడు. పైన తెలుపు వచ్చింది. అది చినతాతగారి బావమరిది పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు వేయించింది. తెల్ల అంబాసిడర్ దిగితేనే ఓటరు లేచి నిలబడతాడని అప్పట్లో నమ్మకం. దాని కింద మీగడ రంగు. అది మా పెద్దత్తయ్య పెళ్ళికి. దాని కింద వేలు మందాన పుట్టీ. పుట్టీ కింద బూడిద రంగు. నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా అంత ఓపిగ్గా గీకి ఉండరు. బూడిద రంగు కనిపించగానే "దొరికింది!" అని అరిచాడు. పక్కనే కారప్పూస నములుతున్న మేస్త్రి "అది ప్రైమరు సార్" అన్నాడు.

సరే, ఆర్సీ పుస్తకంలో ఉంటుంది గదా అని తీశాడు. 1989కి ముందరి పుస్తకం, ఏతో మొదలయ్యే మూడక్షరాల నంబరు, అన్నీ భద్రంగా ఉన్నాయి. రంగు రాసినచోట మాత్రం చెదలు తిన్నాయి.

ఇంజిన్‌ది ఇంకో కథ. పుట్టినప్పుడు దానికున్నది 1489 సీసీల పెట్రోలు ఇంజిన్. ఎనభైల్లో పెట్రోలు ధరకు బెదిరి చినతాతగారు దాన్ని పీకించి మెటాడోర్ డీజిల్ ఇంజిన్ పెట్టించారు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. పీకిన ఇంజిన్ ఎవరికి అమ్మారో, ఎంతకు అమ్మారో, అసలు అమ్మారో లేదో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆర్సీలో మాత్రం ఇప్పటికీ పెట్రోలనే ఉంది. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చే మేస్త్రి, మేమంతా భాయ్ అంటాం, మొదటిరోజే బానెట్ ఎత్తి ఒక్కమాటలో తేల్చేశాడు: "పుస్తకంలో పెట్రోలు, పొట్టలో డీజిలు."

ఆ మాటతో బాబాయికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కంపెనీ చేసింది ఒరిజినలా, తండ్రి చేసింది ఒరిజినలా? తండ్రి పెట్టిన ఇంజిన్ తీసేస్తే కారుకు న్యాయం, తండ్రికి అన్యాయం. ఉంచేస్తే తండ్రికి న్యాయం, ఫైలుకు అన్యాయం. పోనీ కంపెనీ చేసిందే ఒరిజినల్ అనుకుందామంటే, అంబాసిడర్ మాత్రం ఎక్కడ పుట్టింది? ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే కారు ఉండేది. దాని అచ్చులు తెచ్చి, పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో బొట్టూ కాటుకా పెట్టి అంబాసిడర్ అన్నారు. అంటే పుట్టుకలోనే మార్పు. ఈ సంగతి నేను నోరు జారి అన్నాను. బాబాయి స్పానరు కింద పెట్టేశాడు. అంతటి ప్రమాదం అంతకు ముందెప్పుడూ జరగలేదు.

ముఖం విషయం కూడా తేలలేదు. మార్క్ టూకు ముందుభాగంలో సన్నని గళ్ళ గ్రిల్ ఉంటుంది. డెబ్భైల చివర్లో ఒక ఎద్దుల బండి వెనక్కి వచ్చి ఆ గ్రిల్‌ను నొక్కేస్తే, చినతాతగారు కొత్తగా వచ్చిన మార్క్ త్రీ గ్రిల్ తగిలించారు. కొత్త మోడల్లా ఉందని ఊరంతా మెచ్చుకుంది కూడా. ఇప్పుడు బాబాయికి ఆ గళ్ళ గ్రిల్ కావాలి. అది దొరికిన మర్నాడే పని మొదలని ప్రతిజ్ఞ. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఇనప సామాను గుట్టల్లో భాయ్ ఒకటి పట్టుకొచ్చాడు. బాబాయి దాన్ని భూతద్దంతో చూశాడు. "ఇది 1965ది. మనది 1968." భాయ్ నా వంక చూశాడు. నేను కొబ్బరిచెట్టు వంక చూశాను.

నిజం తేల్చుకుందామని ఓసారి నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ బయల్దేరాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రోల్స్ రాయిస్ ఉంది గదా, 1912 నాటి సిల్వర్ గోస్ట్, వెనక సింహాసనంలాంటి సీటు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, కారు వచ్చేలోపే కాలం చేశారు. పాడుబడి ఉన్నదాన్ని తర్వాత బాగు చేయించి నిలబెట్టారు. దాని ముందు బాబాయి గుళ్ళో నిలబడ్డట్టు చెప్పులు విప్పి నిలబడ్డాడు. "చూశావా! ఒరిజినల్ అంటే ఇదీ!" అన్నాడు. పక్కనున్న కుర్రాడెవరో, కాలేజీ పిల్లాడు, "అంకుల్, ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ చాసీ, ఇంజిన్ ఇచ్చేది. పైన బాడీ వేరేవాళ్ళు, కొన్నవాళ్ళు కోరినట్టు కట్టేవాళ్ళు. దీనికి బార్కర్ కంపెనీ కట్టింది" అన్నాడు. బాబాయి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ సాయంత్రమే అదే పాతబస్తీ వైపు, బహదూర్‌పురాలో సుధా కార్ మ్యూజియానికి లాక్కెళ్ళాడు. అక్కడ వంకాయ ఆకారంలో కారుంది, క్రికెట్ బంతి కారుంది, చెప్పు కారుంది. అన్నీ నడుస్తాయి. బాబాయి వంకాయ కారు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. "వంకాయే నడుస్తుంటే మనది నడవకపోవడమేమిట్రా! మార్పే ఖాయం" అన్నాడు. రైలు తెనాలి చేరేసరికి ఆ ఖాయం కూడా పోయింది.

ఈ మార్పుల ఫైలుకు మూలపురుషుడు డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు. వీడియో కాల్లో "నాన్నా, అంతా ఒరిజినల్ అక్కర్లేదు, అంతా మార్చనూ అక్కర్లేదు. ఇక్కడ రెస్టోమాడ్ అంటారు. బయట పాతది, లోపల కొత్తది. పవర్ స్టీరింగ్, ఏసీ, కావాలంటే ఎలక్ట్రిక్ మోటారు" అని గంటసేపు చెప్పాడు. బాబాయి ఫోన్ పెట్టేసి "వాడేమంటున్నాడే?" అని పిన్నినడిగాడు. "రెస్టు మోడంట. నిజమే గదండీ, పదకొండేళ్ళుగా రెస్టు తీసుకుంటున్న మోడు" అంది పిన్ని. తెలుగులో ఇంతకన్నా మంచి అనువాదం రాదు.

ఇక చట్టం సంగతి. బాబాయి దాన్ని కంఠతా పట్టాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజిన్ మార్చాలన్నా ముందు రవాణా అధికారి అనుమతి కావాలి. ఇది వినిపించి మార్పుల ఫైలు మూస్తాడు. ఒరిజినల్ ఫైలు తెరుస్తాడు. 2021 జులైలో కేంద్రం పెట్టిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసీలో బాడీలో ఇంజిన్లో పెద్ద మార్పులు లేకుండా ఉంటే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. బాగానే ఉంది. కానీ ఆ తర్వాత కారును ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు కొట్టించుకోవడానికి తప్ప రోజూ తిప్పడానికి లేదు.

"అంటే నన్ను మార్కెట్టుకు తీసుకెళ్ళరా?" అని అడిగింది పిన్ని.

"మార్కెట్టు పెట్రోలు బంకు దారిలోనే గదా" అన్నాడు బాబాయి. ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వంలో పనిచేసినవాడు.

ఓసారి నా అభిప్రాయం కూడా అడిగాడు. అడిగితే చెప్పకూడదని అప్పటికి నాకు తెలీదు. "బాబాయ్, రంగు నీకు నచ్చింది వేయించు, ఇంజిన్ చినతాతగారిదే ఉంచు, గ్రిల్ ఏదైతే ఏం? బ్రేకులు మాత్రం మార్పించు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించు, సీటు బెల్టులు వేయించు. అప్పటి రోడ్డు మీద బండ్లు లేవు, ఇప్పుడున్నాయి" అన్నాను. ఇప్పటికీ నా మాట అదే. పాతకారు అందం చూపించడానికి మనిషి బతికి ఉండాలి గదా. బాబాయి రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మూడో నెల ఫోన్ చేసి "డిస్కు బ్రేకులన్నావు, ఏ కారువి?" అని అడిగాడు. ఫైల్లో కొత్త కొర్రీ పడిందన్నమాట.

అసలు ఆ కారు నడవదని మీరనుకుంటున్నారేమో. నడుస్తుంది. పోయిన సంక్రాంతి ముందు బాబాయి గుంటూరు పెళ్ళికి వెళ్ళినప్పుడు పిన్ని భాయ్‌ని పిలిపించింది. ఆయన కొత్త బ్యాటరీ పెట్టి, డీజిల్ ఫిల్టర్ మార్చి, లైన్లో గాలి తీసి, బ్రేకు సిలిండర్ల వాషర్లు కొత్తవి వేసి, నాలుగు చక్రాలకు గాలి కొట్టి తాళం తిప్పాడు. నల్లటి పొగ ఒక మేఘం వదిలి ఇంజిన్ అందుకుంది. పిన్ని వెనక సీట్లో కూర్చుని మార్కెట్టుకు వెళ్ళి, గుమ్మడికాయ, మినప్పప్పు కొనుక్కుని వచ్చింది. మొత్తం ఖర్చు, భాయ్ కూలితో సహా, బాబాయి ఎస్టిమేట్లో "ఇతరములు" అనే పద్దు కంటే తక్కువ. తర్వాత టార్పాలిన్ మళ్ళీ కప్పేశారు. బాబాయికి ఇప్పటిదాకా తెలీదు. ఆయన వచ్చి, షెడ్డులో వాసన చూసి, "ఇంజిన్ ఆయిలు ఒరిజినల్ వాసన వస్తోంది" అని మురిసిపోయాడు.

చివరగా పిన్ని తరఫున ఒక మనవి. మీ పెరట్లో గానీ, మీ ఊరి ఇనప సామాను కొట్లో గానీ 1968 నాటి మార్క్ టూ గళ్ళ గ్రిల్ కనిపిస్తే, దయచేసి మా బాబాయికి కబురు పెట్టకండి. షెడ్డు ముందుకు ఎండ బాగా వస్తుంది. ఈ ఏడు గుమ్మడి వడియాలు ఆ టార్పాలిన్ మీదే పెట్టింది, ఇంకా ఆరలేదు.