న్యూ బ్రిటానియాలో ప్లాట్లు అమ్మబడును

రెరా చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా హైదరాబాద్ శివార్లలో ప్రీలాంచ్ ఆఫర్లు ఆగలేదు. రిజిస్ట్రేషన్ లేనిదే ప్లాటు అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు అని 2016 నాటి ఆ చట్టంలో స్పష్టంగానే ఉంది. కొన్నవాళ్ళ సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో వేసి ఆ ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలనీ ఉంది. అయినా మొత్తం ముందే కట్టేస్తే సగం ధరకే ఫ్లాటు అనే బ్రోచర్ కంటపడితే చాలు, మనవాళ్ళ చెయ్యి చెక్‌బుక్ మీదికి పోతూనే ఉంది. నేలా, సర్వే నంబరూ, దగ్గర్లో పోలీస్ స్టేషనూ ఉన్నచోటే ఇంత జరుగుతుంటే, ఈ మూడూ లేనిచోట ప్లాట్లు అమ్మితే ఏమవుతుంది? అమెరికాలో ఆ ప్రయోగం కూడా చేసి చూశారు. టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని పోర్టలేరియం అనే వీడియో గేమ్ కంపెనీ ఐదేళ్ళపాటు శ్రద్ధగా చేసింది. వెంచర్ పేరు ‘ష్రౌడ్ ఆఫ్ ది అవతార్’. లొకేషన్ న్యూ బ్రిటానియా. ఎయిర్‌పోర్టుకు ఎన్ని నిమిషాల దూరమో మాత్రం బ్రోచర్‌లో వెయ్యలేదు.

బిల్డరు ఊరూ పేరూ లేని మనిషేం కాదు. రిచర్డ్ గారియట్ అంటే కంప్యూటర్ ఆటల లోకంలో పెద్ద తలకాయ. నాన్న నాసా వ్యోమగామి. కొడుకు ఆటలు అమ్మిన డబ్బుతో టికెట్టు కొనుక్కుని 2008లో సోయజ్ ఎక్కి అంతరిక్షానికి వెళ్ళొచ్చారు. 1981లో మొదలైన అల్టిమా ఆటలు ఆయనవే. వాటిలో రాజు కూడా ఆయనే, పేరు లార్డ్ బ్రిటిష్. రాక్షసుల్ని నరకడం తప్ప ఆటగాడికి మరో పని లేని రోజుల్లో, 1985 నాటి ‘అల్టిమా 4’లో ఆయన ధర్మాధర్మాల లెక్క పెట్టారు. మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే వ్యక్తికి అందులో చూపు ఉండదు. ధర చెబుతారు, ఎన్ని బంగారు నాణేలు ఇస్తున్నామో మనమే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇచ్చినా సరుకు చేతికొస్తుంది. ఆట మాత్రం కనిపెట్టి, మన నిజాయితీ ఖాతాలో కోత వేస్తుంది. ఆ అంగట్లో అమ్మేవాళ్ళకు చూపు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తెరిచిన కొత్త అంగట్లో అమ్మేవాళ్ళకు చూపు దివ్యంగా ఉంది, కొనేవాళ్ళే కళ్ళు మూసుకున్నారు.

2013 మార్చిలో, జనం దగ్గర చందాలు పోగుచేసిపెట్టే వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ గుమ్మంలో జోలె పట్టినప్పుడు గారియట్ అడిగింది 10 లక్షల డాలర్లు. 22 వేల మందికి పైగా కలిసి 19 లక్షల పైచిలుకు వేశారు. 2014 అక్టోబరుకల్లా ఆట చేతిలో పెడతామన్నారు. ఇక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు. పాత తరహా ఆటల మీద పైసా పెట్టబోమని పెద్ద కంపెనీలు తలుపులేసుకున్నప్పుడు అభిమానుల్ని అడగడం మర్యాదైన పనే. జోలె నిండాక దాన్ని ముడెయ్యాలి కదా, అది మరిచారు. కంపెనీ సొంత దుకాణం తెరిచింది. రో లాట్, విలేజ్ లాట్, టౌన్ లాట్, సిటీ లాట్, ఆపైన కోట కట్టుకునేంత లాట్. వదిలిన చేతిచమురును బట్టి నైట్, లార్డ్, బారన్, డ్యూక్ అని బిరుదులు. ముందుగా మేల్కొని కొన్నవాళ్ళ స్థలాలకు ఆటలో పన్ను మినహాయింపు. ఇంకా స్థోమత ఉంటే ఏకంగా ఊరే కొనుక్కోవచ్చు, దానికి ఏ పేరు పెట్టుకుంటారో మీ ఇష్టం. మధ్యమధ్యలో కంపెనీ పెద్దలే గంటల తరబడి లైవ్‌లో కూర్చుని టెలిథాన్లు నడిపారు. ఒక దశలో గారియట్ తన రక్తాన్నే భరిణెల్లో పెట్టి ఈబేలో వేలం వేశారు. మా నిబంధనలు ఒప్పుకోవంటూ ఈబే వాళ్ళు తీసేశారు. సంస్థ కోసం రక్తం ధారపోశానని చెప్పుకునే చైర్మన్లను చాలామందిని చూశాం. దానికి ధర చీటీ తగిలించినవారు మాత్రం ఈయనొక్కరే.

ఇంత హంగామా చేసిన ఆట విడుదల రోజున ఎందుకు చతికిలబడింది? డబ్బు చాలలేదని కొందరు, గ్రాఫిక్స్ పాతబడ్డాయని కొందరు, మోసమని ఇంకొందరు అన్నారు. ఈ మూడింటికంటే సులువైన కారణం ఒకటుంది. అమ్మకాలు బాగా జరగడం వల్లే ఆట దెబ్బతింది. విడుదల నాటికి వసూళ్ళు కోటి డాలర్లు దాటాయి. వినడానికి ఘనమైన మొత్తమే గానీ, అమెరికా జీతాలతో ఐదేళ్ళు నడిచే ఆఫీసుకు అది ఎప్పటికప్పుడు కరిగిపోయే సొమ్ము. అంటే ఈ నెల జీతాలు ఈ నెల దుకాణం మీద ఆధారపడతాయి. దుకాణంలో ఏది కదులుతుందన్నదే అప్పుడు అసలు ప్రశ్న. కథ కదలదు. రెండేళ్ళ తర్వాత ఏదో పాత్ర పలకబోయే ఒక మంచి మాటకు ఈరోజే 40 డాలర్లు ఎవరూ ఇవ్వరు. ఇల్లు కదులుతుంది. ఇంటి ముందు ఫౌంటెన్ కదులుతుంది. పక్కింటి బారన్‌కు లేని బురుజైతే ఇంకా బాగా కదులుతుంది. కథ అక్కర్లేదని వాళ్ళేం అనుకోలేదు, డ్రాగన్‌లాన్స్ నవలల రచయిత ట్రేసీ హిక్‌మన్‌ను పిలిపించుకున్నారు. అయితే 2013 చివర్నుంచి నెలనెలా ఓ కొత్త విడుదల ఇవ్వాలని ఒట్టు పెట్టుకున్నారు, ఇచ్చారు కూడా. ఆ క్రమశిక్షణకు దండం పెట్టాలి. కానీ నెలనెలా విడుదలంటే నెలనెలా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. కుర్చీ నెలలో తయారవుతుంది. కథ తయారవదు.

ఆట తెరిస్తే ఈ లెక్కంతా కంటికే కనిపిస్తుంది. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పోవాలంటే ముందు పరిచిన పటంలాంటి మైదానం మీద మన బొమ్మను నడిపించాలి. ఊరి గుర్తు దగ్గర ఆగాలి. లోడింగ్ తెర వస్తుంది, అది పోయేదాకా ఓపిక పట్టాలి. లోపలికి అడుగుపెడితే, ఆ ఊరు ఎవరో డబ్బిచ్చి కొనుక్కున్నదైతే, వీధికి రెండువైపులా మేడలు, మేడల ముందు ఎవరో ముచ్చటపడి పేర్చుకున్న దీపస్తంభాలు, పూలకుండీలు. యజమానులు మాత్రం కనిపించరు. ఊళ్ళు ఎక్కువ, జనం తక్కువ అన్నది ఆడినవాళ్ళు మొదట్నుంచీ పెట్టుకున్న మొర. ఎవరైనా పాత్ర ఎదురైతే కీబోర్డు మీద మాటలు టైపు చేసి పలకరించాలి. పేరు, వృత్తి అడిగితే చెబుతుంది. అది ఊహించని మాట అడిగామా, తికమక పడుతుంది. 1985లో ఇది అద్భుతం. 2018లో దీన్ని అద్భుతమనాలంటే 1985లో ఆడి ఉండాలి. అలా ఆడినవాళ్ళంతా అప్పటికే ప్లాట్లు కొనేసుకున్నారు.

విడుదల ముహూర్తం 2018 మార్చి 27. అయితే 2014 నవంబరు నుంచే, పూర్తికాకముందే, ఆటలమ్మే వెబ్‌సైటు స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్ పేరుతో ఆట అమ్ముడవుతోంది. 2016 జూలైలో చివరిసారిగా అందరి ఖాతాలూ తుడిచేసి, ఇక మీరు సంపాదించుకున్నది మీదే అన్నారు. అంటే గృహప్రవేశాలు 2016లోనే అయిపోయాయి. భోజనాలు కూడా అయ్యాయి. 2018లో జరిగింది శిలాఫలకం ఆవిష్కరణ మాత్రమే. ఆ రోజు కొత్తగా వచ్చినవాడి సంగతి ఆలోచించండి. అతను సాహసం చెయ్యడానికి వచ్చాడు. తీరా చూస్తే మంచి స్థలాలన్నీ ఎవరివో. ఇరవై నెలలుగా కత్తి తిప్పుతున్న పెద్దమనుషులు నడిబజారులో నిలబడి ఉన్నారు. వాళ్ళకు పన్ను లేదు, ఇతను ఎలాగో స్థలం సంపాదిస్తే పన్ను కట్టాలి. ఐదు భాగాలుగా అనుకున్న కథలో చేతికిచ్చింది ఒకటో భాగం. దానికి వాళ్ళే పెట్టుకున్న పేరు ‘ఫర్‌సేకెన్ వర్చ్యూస్’, వదిలేసిన సద్గుణాలు. వ్యంగ్యం రాసుకుని బతికేవాళ్ళ పొట్ట కొట్టడమంటే ఇదే. అదే ఏడాది అక్టోబరులో ఆటను ఉచితం చేసేశారు. వేల డాలర్లు పోసిన డ్యూకుల వీధిలోకి ఇక ఎవరైనా ఊరికే రావచ్చు. మంచి నిర్ణయమే. పెద్దగా ఎవరూ రాలేదు.

ఇందులో మోసం ఎక్కడుందయ్యా, ఆట వచ్చింది కదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. మోసం లేదు, ఆట నిజంగానే వచ్చింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఈథన్ మోలిక్ 2015లో చేసిన అధ్యయనం ప్రకారం కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించిన ప్రాజెక్టుల్లో చెప్పిన సరుకు ఇవ్వలేకపోయినవి సుమారు 9 శాతమే. మన కాంట్రాక్టర్లు ఈర్ష్యపడాల్సిన అంకె. కాకపోతే ఆ లెక్క అడిగేది ఒక్కటే: ఇచ్చారా, లేదా? ష్రౌడ్ ఆఫ్ ది అవతార్ ఆ కొలత ప్రకారం నెగ్గినట్టే. ఇచ్చిన ఊళ్ళో ఎవరైనా కాపురం ఉంటున్నారా అని ఏ సర్వేలోనూ గడి ఉండదు. కిక్‌స్టార్టర్ వాళ్ళయితే 2012లోనే, మాది దుకాణం కాదు సుమా అని ప్రకటించి పక్కకు తప్పుకున్నారు. జోలెలో పడిన ప్రతి నూరు డాలర్లలో ఐదు మాత్రం వాళ్ళు తీసుకుంటారు. దుకాణం కాకపోయినా అద్దె తప్పదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇదే జోలెతో మంచి ఆటలు రాలేదా? వచ్చాయి. అబ్సిడియన్ కంపెనీ ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’కి 2012లో 11 లక్షల డాలర్లు అడిగితే 39 లక్షలకు పైగా వచ్చాయి. 2015 మార్చిలో ఆట వచ్చింది, జనం నెత్తిన పెట్టుకున్నారు. బెల్జియం కంపెనీ లారియన్ 2013లో ‘డివినిటీ ఒరిజినల్ సిన్’కు సుమారు 9 లక్షలు సేకరించి మరుసటి ఏడాదే చేతికిచ్చింది. ఆ దారిలోనే నడిచి పదేళ్ళకు ‘బల్దూర్స్ గేట్ 3’ దాకా వెళ్ళింది. వీళ్ళు ఒక కథకు కావలసిన డబ్బు అడిగారు, ఆ కథ ముగించి ఇచ్చారు. అయినా ప్లాట్ల వాసన వీళ్ళ దగ్గరా కొంచెం తగులుతుంది. పిల్లర్స్‌లో ఎక్కువ డబ్బిచ్చినవాళ్ళకు తమ పాత్రనో, సమాధి ఫలకం మీద తమ రాతనో ఆటలో పెట్టించుకునే వీలిచ్చారు. ఫలితంగా ఊరూరా బంగారు రంగు పేర్లతో కొందరు ఊరికే నిలబడి ఉంటారు. కథతో వాళ్ళకు సంబంధం లేదు, శిలల మీద రాతలకూ లేదు. వాళ్ళను పట్టించుకోకుండా ముందుకు పొమ్మని పాత ఆటగాళ్ళు కొత్తవాళ్ళకు సలహా ఇచ్చేదాకా వచ్చింది. గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కినంత వరకు ఇబ్బంది లేదు. గర్భగుడిలో కూడా చెక్కితే దేవుడికి చోటు తగ్గుతుంది. పిల్లర్స్ వాళ్ళు మెట్ల దగ్గరే ఆగారు గనక బతికారు.

పెద్దవాళ్ళు తమ డబ్బుతో తమ సరదా తీర్చుకుంటే మధ్యలో మీకెందుకు బాధ అంటారా? బాధేం లేదు. ఇల్లు కొన్నవాళ్ళకు ఇల్లు వచ్చింది, చాలామంది దాన్ని ముస్తాబు చేసుకుని సంతోషించారు కూడా. చిక్కంతా ఆ సంతోషాన్నే వ్యాపార సూత్రంగా పట్టుకున్నవాళ్ళతో వచ్చింది. గారియట్ పాత కంపెనీ ఒరిజిన్‌లోనే ‘వింగ్ కమాండర్’ తీసిన క్రిస్ రాబర్ట్స్ 2012లో ‘స్టార్ సిటిజన్’కు జోలె పట్టి 2014కల్లా ఇస్తామన్నారు. 2024 నాటికి వసూళ్ళు 70 కోట్ల డాలర్లు దాటాయి, ఆట మాత్రం అప్పటికీ పూర్తికాలేదు. అక్కడ అమ్మేది అంతరిక్ష నౌకలు. 2018లో అన్ని నౌకలూ కలిపి కట్టిన ఒక మూట ధర 27,000 డాలర్లు, అదీ అప్పటికే వెయ్యి డాలర్లు ఖర్చుపెట్టినవాళ్ళకే కనిపించేది. రాబర్ట్స్ గ్రహించిన రహస్యం గారియట్‌కు అందలేదనిపిస్తుంది. ఆశ అమ్ముకునేవాడు విడుదల చెయ్యకూడదు. విడుదల చేస్తే జనం ఆడి చూస్తారు. ‘క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా’ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి రాజ్యాలకు రాజ్యాలే, సింహాసనాలతో సహా, అమ్మారు. 2020 మార్చిలో డబ్బయిపోయిందని చెప్పి సిబ్బందిని ఇంటికి పంపించేశారు. రాజులు మిగిలారు, రాజ్యం మిగల్లేదు.

పోర్టలేరియం 2017లో ఇంకొకటి కూడా అమ్మింది. సీడ్‌ఇన్వెస్ట్ అనే వేదిక ద్వారా అభిమానులకు కంపెనీ వాటాలే ఇచ్చింది. 2019లో ఆటను కొత్త సంస్థకు అప్పగించింది, దాని పేరు క్యాట్‌నిప్ గేమ్స్. అది ఆట ప్రధాన ప్రోగ్రామర్ సంస్థే. ఆట కొత్త కంపెనీకి వెళ్ళింది, వాటాలు పాత కంపెనీవి. మిగిలిన కొద్దిపాటి మనుషులతో ఆ ప్రోగ్రామర్ సర్వర్లు ఆపకుండా నడిపించుకొచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో నిజమైన వీరోచిత పాత్ర అదే, దానికి ఏ బిరుదూ అమ్మలేదు. 2022లో గారియట్ పాత సహచరుడు టాడ్ పోర్టర్‌తో కలిసి మరో ఆట ప్రకటించారు. ఈసారి బ్లాక్‌చెయిన్ మీద కడతామన్నారు. ఆట ఎలా ఉంటుందో వివరంగా చెప్పకముందే, అందులో స్థలాలు ఎలా కొనుక్కోవచ్చో మాత్రం చెప్పారు.