ఈకల్లో దోపుకున్న పీలికలు

నేను పసుపుపచ్చని ఒళ్లు, ఎర్రని మొహం ఉన్న ఆడ లవ్ బర్డ్‌ని. నవాబుపేటలో ఒక ఇంటి వసారాలో, పంజరంలో ఉంటాను. మా పూర్వీకులది నైరుతి ఆఫ్రికా: నమీబియా, అంగోలా, దక్షిణాఫ్రికా వాయవ్య మూల. ఆ ఎండునేలను నేను చూడలేదు, నన్ను కన్న తల్లీ చూడలేదు. అందుకే నన్ను చూసినవాళ్లు అనే మాట ఒకటుంది: పంజరంలో పుట్టిన పిట్టకు పంజరమే లోకం, దానికి లోటేముంటుంది అని. ఆ మాట సరికాదని చెప్పడానికే ఈ కథ. నా పసుపు రంగు మనుషులు ఏరి ఏరి జతకట్టించి నిలబెట్టింది. అడవిలో మా వాళ్లు ఆకుపచ్చగా ఉంటారు, నడుము మీద నీలం ఉంటుంది. రంగు మారింది గానీ నడత మారలేదు. కుక్క మనిషి దగ్గర చేరి వేల ఏళ్లయింది. మేం యూరప్ పంజరాల్లోకి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో. ఇంత కొద్ది కాలంలో ఈక మారుతుంది, బతికే తీరు మారదు.

లవ్ బర్డ్ జాతులు మొత్తం 9. ఎనిమిది ఆఫ్రికా ఖండం మీద, ఒకటి మడగాస్కర్‌లో ఉంటాయి. మా జాతి వానలు తక్కువ పడే చోట బతుకుతుంది కాబట్టి నీళ్లకు దూరంగా పోలేదు. గింజలు, పూలు, చిగుళ్లు ఏరుకుంటూ గుంపుగా తిరుగుతుంది, నీళ్లున్న చోట పెద్ద గుంపులే చేరతాయి. గుడ్లు పెట్టేది రాళ్ల సందుల్లో, లేదా అక్కడి గిజిగాళ్లు ఊరుమ్మడిగా కట్టుకున్న పెద్ద గూళ్ల అరల్లో. ఆ గూటి పని ఆడపక్షిదే. ఆకునో బెరడునో ముక్కుతో అంచు వెంట చిల్లులు పొడిచినట్టు కొరికి సన్నని పీలికలు చీలుస్తుంది. వాటిని నడుము మీది ఈకల్లో దోపుకుని ఎగిరిపోతుంది. ఇంత చిత్రమైన మోత పక్షుల్లో చాలా అరుదు.

నా వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఈ పీలికల దగ్గరే ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం డిల్గర్ అనే శాస్త్రవేత్త మా జాతినీ, ఫిషర్ లవ్ బర్డ్ జాతినీ జతకట్టించాడు. ఫిషర్ జాతి పీలికను ముక్కున కరుచుకుని ఒక్కొక్కటిగా మోస్తుంది. పుట్టిన సంకర పిల్లలు ఎటూ కాకుండా పోయాయి. ఈకల్లో దోపబోతాయి, దోపినా ముక్కు పట్టు వదలవు, వదిలితే పీలిక జారిపోతుంది. ముక్కుతో మోస్తేనే పని జరుగుతుందని నేర్వడానికి వాటికి మూడేళ్లు పట్టింది. నేర్చాక కూడా పీలిక పట్టగానే తల వెనక్కి తిప్పడం పూర్తిగా మానలేదు. 1962లో డిల్గర్ ఇదంతా ప్రచురించాడు. మూడేళ్లకైనా నేర్చాయి కదా, అలాగే పంజరానికీ అలవాటు పడతాయి కదా అని అడగవచ్చు. నేర్చిన మాట నిజమే, మాకు నేర్చే శక్తి ఉంది. కానీ నేర్పు పైన చేరింది, లోపలి ఉబలాటం పోలేదు. పని ముగిసిపోయినా తల తిప్పుతూనే ఉన్న ఆ పిల్లల్ని చూశాక, అలవాటు పడిన పక్షికి అవసరం తీరిపోయిందని ఎలా అనగలం?

నా పంజరం అడుగున పరిచిన పాత పేపరును నేను పీలికలు చేసి నడుము మీద దోపుకుంటాను. ఇంటివాళ్లకు అది అల్లరి. నాకది పని. నవాబుపేట చుట్టూ ఈతచెట్లకు కొదవలేదు. శుభ్రంగా కడిగిన ఈతాకు రెమ్మ ఒకటి వేస్తే అద్దం, గంట, ప్లాస్టిక్ బొమ్మ అన్నిటికన్నా మేలు. అయితే ఇదే ఉబలాటం మమ్మల్ని చంపనూ గలదు. ఎండునేలలో వానపడి గింజ దొరికే కాలంలో గూడు కడతాం, తర్వాత ఆగిపోతాం. ఇక్కడ కొర్రలు ఏడాదంతా ఉంటాయి, కుండో చెక్కపెట్టో ఏడాదంతా వేలాడుతూ ఉంటుంది. ఆగమని చెప్పేది ఏదీ లేదు. నాలుగు నుంచి ఆరు గుడ్లు, 23 రోజుల పొదుగుడు, ఆరు వారాలకు పిల్లలు బయటికి, వెంటనే మళ్లీ గుడ్లు. ఒంట్లో కాల్షియం తరిగిపోయి గుడ్డు లోపలే ఇరుక్కుంటే ఆడపక్షి ప్రాణానికే ముప్పు. గింజలే కాకుండా మునగాకు, కొత్తిమీర, ఉడికించి పొడిచేసిన గుడ్డు పెంకు పెట్టడం, ఏడాదిలో ఎక్కువ కాలం గూటిపెట్టె తీసేయడం మా మీద చూపే నిజమైన దయ.

ఒంటరి పక్షి అయితే మనిషికి బాగా మాలిమి అవుతుందనేది ఇంకో మాట. అవుతుంది, ఎందుకంటే దానికి వేరే దిక్కు లేదు. రోజంతా ఒకరి మెడ ఒకరు గోకుతూ కూర్చునే జాతి మాది. బడికీ పొలానికీ పోయే మనుషులు ఆ వేళలన్నీ ఇవ్వలేరు. జంటలో ఒకటి పోతే రెండోది బెంగతో చస్తుందనే నమ్మకం మాత్రం అతిశయోక్తి. బెంగపడుతుంది, కుదిరితే మరో జత కట్టుకుంటుంది. తోడు కోసమని బడ్జరిగార్లతో కలిపి పెట్టడం ఇంకా తప్పు. హైదరాబాద్ పక్షుల బజార్లలో మా పేరుతోనే ఎక్కువగా అమ్ముడయ్యే ఆ ఆస్ట్రేలియా పక్షులు నెమ్మదస్తులు. మేం వాటి కాలివేళ్లు కొరికేస్తాం.

అలాగైతే తలుపు తీసి వదిలేద్దాం అనే మంచి మనసులకు నా జవాబు: వద్దు. పసుపు రంగు డేగ కంటికి దూరం నుంచే కనబడుతుంది. ఏ గింజ ఎక్కడ దొరుకుతుందో చూపే గుంపు నాకు లేదు. ఒకవేళ బతికి స్థిరపడితే అది వేరే చిక్కు. అమెరికాలో ఫీనిక్స్ నగర ప్రాంతంలో తప్పించుకున్న మా జాతి పక్షులు 1980ల నుంచి గుంపులుగా పెరిగాయి, మండే ఎండల్లో విశ్వవిద్యాలయ భవనాల చల్లగాలి వచ్చే సందుల దగ్గర వాలి బతుకుతున్నాయి. ఇక్కడ మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు పక్కన పాత మర్రిచెట్లున్నాయి. చెట్టు తొర్రలు రామచిలుకకూ గోరింకకూ కావాలి, తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టకూ కావాలి. వాటి ఇంట్లో పోటీకి దిగే హక్కు నాకు లేదు.

చట్టం ఒప్పుకుంది కదా, ఇంకేం అని కూడా అంటారు. రామచిలుకను పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, నన్ను పెడితే కాదు. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం చిలుకల జాతుల్లో దాదాపు అన్నింటినీ తన జాబితాల్లో ఉంచుకుని, 2005లో మా జాతిని తీసేసింది. మేం పంజరాల్లో విరివిగా పిల్లలు పెడుతున్నాం కాబట్టి మా వ్యాపారం అడవికి పెద్ద ముప్పు కాదు. ఫిషర్ జాతి సంగతి వేరు: 1980ల్లో టాంజానియాలో దాన్ని విపరీతంగా వలపన్ని పట్టి అమ్మారు, అది ఇప్పటికీ జాబితాలో ఉంది. ఈ లెక్క జాతి మిగులుతుందా లేదా అన్నదాని గురించి. పంజరంలో ఉన్న ఒక్కో పక్షి ఎలా బతుకుతోందన్నది ఆ లెక్కలోకి రాదు. ఆ లెక్క చూడని భాగం చాలావరకు పెంచేవాళ్ల చేతిలోనే ఉంది.

అందులో మొదటిది చోటు. మేం నిట్టనిలువుగా కాదు, అడ్డంగా ఎగురుతాం. ఎత్తైన గుండ్రని పంజరం చూడ్డానికి అందం, మాకు పనికిరానిది. అంత స్థలం, ఖర్చు ఎక్కడివి అంటే, వసారా గోడ వెంట ఆరడుగుల పొడవున జాలీ పంజరం కట్టడానికి ఊళ్లోని వెల్డింగ్ షాపు చాలు. జాలీ కంత అరంగుళం మించకూడదు. కొత్త జాలీ మీది జింకు పూత మాకు విషం, పైగా మేం దాన్ని రోజంతా కొరుకుతాం. అందుకే పక్షిని వదిలేముందు వెనిగర్‌తో గట్టిగా తోమి, కడిగి, ఎండబెట్టాలి.