తెచ్చింది ఏ మర సారూ?

మా బాగేపల్లిలో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. రెండూ నోట్లో ఉన్నందుకు మాకొక గుట్టు తెలిసింది. కన్నడలో మర అంటే చెట్టు. తెలుగులో మర అంటే యంత్రం. ప్రభుత్వానికీ రెండు భాషలూ వచ్చు. వేదికెక్కితే కన్నడ మరను పెంచమంటుంది. టెండరు పిలిస్తే తెలుగు మరను తోలుతుంది.

సాలుమరద తిమ్మక్క సంగతే చూడండి. సాలు మనకూ తెలిసిన మాటే, మడకసాలు. బిడ్డలు లేని ఆ తల్లి, భర్త చిక్కయ్యతో కలిసి మాగడి తాలూకాలో హులికల్, కుదూరు నడుమ సాలుగా 385 మర్రులు పెంచింది. బిందెలతో నీళ్లు మోసి బతికించింది. 2019 మార్చిలో రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకుంది. జూన్ నాటికి ఆ మర్రులకే రోడ్డు వెడల్పు గండం! ఏ రోడ్డనుకున్నారు? బాగేపల్లి–హలగూరు రోడ్డు. మూడు నెలల్లో మరను వెతుక్కుంటూ మర వచ్చింది, అదీ మా ఊరి పేరు తగిలించుకుని.

నూరేళ్లు దాటిన అవ్వ ముఖ్యమంత్రికి మొరపెట్టుకుంటే, చెట్లు పోకుండా చూస్తామన్నారు. సంతోషం. పద్మశ్రీ వచ్చిన చెట్టుకు ఆ మాత్రం పలుకుబడి ఉంది. పతకం లేని చింతమాను ఎవరి గడప తొక్కాలి?

పలుకుబడి ఉన్నా దిగులే. బెంగళూరు లాల్‌బాగ్ హైదరాలీ 1760లో వేయించిన తోట. పార్కులను కాపాడటానికి 1975లో ఏకంగా ఒక చట్టమే చేశారు. మెట్రోకు ఆ తోట అంచు కావలసి వచ్చింది. చట్టం ఉండగా చెట్టు కొట్టడం తప్పు కదా, మనవాళ్లు తప్పు చేయరు. ముందు చట్టాన్ని సవరించారు, తర్వాత, 2009లో, చెట్లను కొట్టారు. మొదటి గొడ్డలి వేటు కాగితం మీదే పడింది.

నేల మీద చోటు చాలక ఇప్పుడు నేల కింద హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా సొరంగం రోడ్డట. పాతాళంలో పోయే దారికి కూడా నోరు లాల్‌బాగ్‌లోనే తెరవాలనుకున్నారు. అక్కడున్న బండ వయసు 300 కోట్ల ఏళ్లు. అంత పెద్దరికానికీ దిక్కులేక, 2025లో జనమే వీధికెక్కాల్సి వచ్చింది.

అడిగితే జవాబు సిద్ధం: ఒకటి కొడితే పది నాటుతాం. పాడి ఎనుమును తోలుకుపోయి, పది పెయ్యదూడల ఫోటో చేతికిచ్చినట్టు. ఆ పదింటికీ బిందెతో నీళ్లు మోసే తిమ్మక్క ఏ టెండరులో ఉంది?

2025 నవంబర్ 14న ఆ అవ్వ కన్నుమూసింది. ఇక మొరపెట్టే పని మనది. రోడ్డుకు మా పేరుంది కాబట్టి ముందు మాది. ఇకమీదట ఏ మాను మీద నంబరు వేయడానికి వచ్చినా, బాగేపల్లివాళ్లం అడ్డం నిలబడి ఒక్కమాట అడుగుదాం: తెచ్చింది ఏ మర సారూ?