నేను, ఒక పళ్ల పెట్టెను

కశ్మీర్ ఆపిల్ పళ్లు మోసుకుని కొత్తపేట మార్కెట్లో దిగిన చెక్క పెట్టెను నేను. పళ్లు అమ్ముడుపోయాక మా జాతికి పొయ్యే గతి. నన్ను మాత్రం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపే ఒకాయన డిక్కీలో వేసుకుని హిమాయత్ సాగర్‌లోని తన ఇంటికి తెచ్చాడు. పైకొచ్చిన మొలలు పీకి, గరుకు కాగితంతో రుద్ది, ముందువైపు చెక్క ఒకటి ఊడదీశాడు. గోడకు ఎత్తున కొడదామని తమ్ముడంటే ఒప్పుకోలేదు. "పోరగాళ్లకు అందకుంటే ఎందుకురా?" అని చాప పక్కన నేల మీదే పెట్టాడు.

నాలో పుస్తకాలు అట్టలు కనబడేలా నిలబడతాయి. 'మంచి పుస్తకం' ప్రచురణల వాళ్ల పలచటి బొమ్మల పుస్తకాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత చందమామలు, తెత్సుకో కురొయనాగి 'రైలుబడి'. చిన్నోడు పళ్లొచ్చే రోజుల్లో ఒక పుస్తకం మూల నమిలేశాడు. తల్లి లాక్కోలేదు, కొట్టలేదు. కొంగుతో తుడిచి మళ్లీ చేతికిచ్చింది. ఇప్పటికీ వాడు ముందు తీసేది ఆ మూల పోయిన పుస్తకమే.

తల్లికీ పుస్తకం కావాలి. పప్పు ఉడికేలోపు నవల తెరుస్తుంది. పేజీల మీద పసుపు వేలిముద్రలు, గుర్తుకు బస్ టికెట్టు. "చదువుకోండి" అని ఆమె అరవగా నేను వినలేదు. తను చదువుతుంటే పిల్లలు వచ్చి ఆనుకుని కూర్చుంటారు, వాళ్ల పుస్తకం వాళ్లు తీస్తారు.

రాత్రి డ్యూటీ లేకపోతే నాయిన వంతు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ ఈ ఇంట్లో ఇంకా ఆగలేదు. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ని చిత్రకారుడు శంకర్ బొమ్మలో కాసేపు చూడనిచ్చి, అక్షరాల కింద వేలు జరుపుతూ చదువుతాడు. బేతాళుడు ప్రశ్న అడిగే చోట టక్కున పుస్తకం మూసేస్తాడు.

"మల్ల ఏమైంది నాయినా?"

"నువ్వే చెప్పు బిడ్డా."

ఇక పంచాయితీ! రాజుదే తప్పంటుంది నాయనమ్మ. కాదు, మంత్రిదంటుంది పెద్ద పిల్ల. అన్నం చల్లారిపోయినా ఎవరూ లేవరు. జవాబు తప్పని ఆయన ఎవరికీ చెప్పడు, నీతి ఏమిటని అడగడు. కథ వెనకాల పరీక్ష లేదని పిల్లలకు తెలుసు.

పిల్లకు కూడబలుక్కుని చదవడం రాగానే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు చదివి వినిపించడం మానేస్తారు. అది పొరపాటని గట్టిగా అంటాను. కన్ను అక్షరాల దగ్గర తడబడే వయసులో చెవి ఎంతో పెద్ద కథను అందుకోగలదు. అలాగే, పిల్ల చదివితే వినే మనిషీ కావాలి. నాయనమ్మకు అక్షరం రాదు. చింతపండు గింజలు తీస్తూ ఊ కొడుతుంది. పిల్ల ఒక మాట దగ్గర ఎంతసేపు ఆగినా ఆమె తప్పు పట్టలేదు. ఆమెకు కావలసింది కథ. ఆ చింతపండు పళ్లెం ముందే ఈ పిల్ల చదువరి అయింది.

వానాకాలం హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని పేపర్లో చదివి, "మన చెరువు ఎందుకు కట్టిండ్రమ్మా?" అని అడిగింది. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచేసిన సంగతి, మళ్లీ అలా జరగకుండానూ, తాగునీటికీ మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయిన సంగతి తల్లి చెప్పింది. ఏడో నిజాం పెద్ద కొడుకు పేరే మన ఊరికీ వచ్చిందంది. మర్నాడు కట్ట మీదికి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక ఆ పేపర్ ముక్క కత్తిరించి పిల్ల నాలోనే దాచుకుంది.

డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం పుస్తకాల పండక్కి వెళ్తే ఎవరి డబ్బు వాళ్ల చేతికే ఇస్తారు, ఎంపికలో వేలు పెట్టరు. ఈసారి చిన్నోడు పాముల పుస్తకం తెచ్చుకున్నాడు. పాము బొమ్మ చూసినా తల్లికి ఒళ్లు జలదరిస్తుంది. అయినా వాడు కోరి కొన్నది కదా! రోజూ పక్కన కూర్చుని చదువుతోంది. కట్లపాము అయిపోయి, నిన్న రాత్రి రక్తపింజరి దాకా వచ్చారు.