పది లారీలకు ఒక గ్రాము

2024 ఏప్రిల్ 5న హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం మన దేశం నుంచి వెళ్లిన కొన్ని మసాలా పొట్లాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ దొరికిందని చెప్పి వాటి అమ్మకం ఆపించింది. మూడంటే మూడు రోజులకు, ఏప్రిల్ 8న, మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇక్కడ నమోదు కాని పురుగుమందుల అవశేషం మసాలా దినుసుల్లో కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటరాదన్న గీతను 0.1 దగ్గరికి జరిపింది. ఈ రెండింటికీ సంబంధం లేదనే అనుకుందాం. గుమ్మడికాయల దొంగ అన్నది హాంకాంగ్, మనవాళ్ల చెయ్యి భుజం మీదికి వెళ్లింది వేరే దురద వల్ల. నిజామాబాద్ జిల్లా ధర్పల్లి పసుపు రైతుకు ఈ దశాంశాలు అందాలంటే లారీల్లోకి మార్చి చెప్పాలి. పది టన్నుల లారీ అనుకుంటే, పాత గీత ప్రకారం పది లారీల పసుపుకు ఒక గ్రాము మందు. కొత్త గీత ప్రకారం లారీకొక గ్రాము. యూరప్ వాళ్లు ఇంకా ఆ పది లారీల దగ్గరే ఆగిపోయారు, పాపం.

గీత జరపడాన్ని సమర్థించేవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేసేదేం కాదు. మసాలా ఎండిన సరుకు. పచ్చి పసుపు ఉడికి, ఎండి నాలుగైదో వంతుకు తగ్గిపోతుంది, అందులో ఉన్నదేదైనా ఆ మేరకు చిక్కబడుతుంది. మనిషి తినేదా, చిటికెడు. బాగానే ఉంది. మరి నాలుగైదింతలు చిక్కబడే సరుకుకు పదింతల సడలింపు ఏ కాటాలో తూచారో తెలియదు. ఆ చిటికెడైనా పొద్దున పప్పులో, రాత్రి చారులో, ఏడాదంతా పచ్చడిలో, తెగిన వేలి మీద, ఇంటి గడప మీద, పసిపిల్ల నలుగులో ఉంటుంది. ఇంత చనువుగా ఇంట్లోకి వచ్చే దినుసు ఇంకోటి లేదు. పైగా నమోదు కాని మందంటే ఈ దేశంలో అమ్మడానికి అనుమతే లేనిది. పిలవని చుట్టానికి పెద్ద విస్తరి వేయడం ఎందుకు? దిగుమతి దినుసుల కోసమంటారు కొందరు. అంటే మనం పంపేది బిగుతుగా, మనకు వచ్చేది వదులుగా.

అసలు ఆ గ్రాము ఎక్కడ పడుతుందో చూద్దాం. ధర్పల్లి, సిరికొండ, భీంగల్ వైపు పసుపు దాదాపు తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. దుంపకుళ్లు, దుంప తొలుచు ఈగ దానికి ఆస్థాన శత్రువులు. ఆకు పసుపెక్కితే రైతు దాన్ని తుంచి పట్టుకుపోయేది ఎరువుల దుకాణదారు దగ్గరికే. డాక్టరూ ఆయనే, కంపౌండరూ ఆయనే, మందు ఉద్దెర ఇచ్చేదీ ఆయనే. బాకీ తీరేదాకా రెండో డాక్టరును అడిగే దారి లేదు. ఏళ్ల తరబడి సిఫారసుల్లో ఉన్న ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో నిషేధంలోకి వెళ్లాయి. అదే ఏడు మే నెలలో కేంద్రం 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. మూడేళ్లు ఆలోచించి, 2023లో మూడింటిని నిషేధించింది. ఏడాదికొకటి చొప్పున, నిదానంగా. మిగిలినవాటిలో కొన్నిటికి షరతులు పెట్టారు, తక్కినవి ఏ మచ్చా లేకుండా బయటికొచ్చాయి.

ఇక నిజామాబాద్ మార్కెట్ యార్డు. ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండలో ఆరబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టి తెచ్చిన కుప్ప ముందు ఖరీదుదారు నిలబడతాడు. కొమ్ము తీసుకుని పుటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, పుచ్చు చూస్తాడు. కొమ్ముకో ధర, గుండ్రటి మండకో ధర, విరిగిన చూరకో ధర. 2016లో ఈ-నామ్ మొదలుపెట్టిన తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ధర కంప్యూటర్లోకి ఎక్కింది, మందు లెక్క మాత్రం ఎక్కలేదు. గుళికలు చల్లినవాడిదీ చల్లనివాడిదీ ఒకటే రేటు. రైతుకు అవగాహన లేదని సదస్సులు పెట్టే పెద్దలు ఒక సంగతి మరిచిపోతున్నారు. అతనికి అవగాహన నిండుగా ఉంది. రంగుకు పైసలొస్తాయని, శుభ్రతకు రావని అతనికి బాగా తెలుసు.

రంగుకే ధర కడితే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. అక్కడ పసుపు మెరవాలని లెడ్ క్రోమేట్ పూసేవారు. పిల్లల మెదడును దెబ్బతీసే సీసం అందులో ఉంటుంది. 2019లో పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టాక, ప్రభుత్వం చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాన్ని ఢాకా టోకు బజారుకే తీసుకెళ్లి, అందరి ముందూ పరీక్ష చేసి, జరిమానాలు వేసింది. ప్రచారమూ చేసింది. ఆ ఏడాది నూటికి 47 నమూనాల్లో సీసం ఉంటే, 2021 నాటికి ఒక్కదాంట్లోనూ లేదు. పురుగుమందును అలా చేతి యంత్రంతో పట్టలేం, ల్యాబు కావాలి, ఖర్చు అవుతుందని మీరనవచ్చు. నిజమే. అందుకే కుప్పకు కాకుండా, ఊరి రైతు సంఘానికొక నమూనా చాలు. విదేశీ గిరాకీ కోసం మనం రోజూ చేస్తున్న పరీక్షే అది.

మందు మానితే దిగుబడి పడిపోతుందని, శ్రీలంకను చూడమని ఇంకొందరు బెదిరిస్తారు. చూశాం. 2021 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు ఆపేసి, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. అది కొలంబో నుంచి దిగిన ఉత్తర్వు. మన దగ్గర అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో, జనగామ ఏనబావిలో అలా జరగలేదు. వేపగింజల కషాయంతో మొదలుపెట్టి ఊరు ఊరంతా మాట్లాడుకుని మెల్లగా పురుగుమందు మానింది. 2006లో ఏనబావి తనను తాను సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. ఏ ఉత్తర్వూ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మన చేతిలో బోర్డు ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడితే, వాళ్లలో 170 మందికి పైగా పసుపు బోర్డు అడిగిన రైతులే. పోలింగ్ కేంద్రానికి పన్నెండు ఓటింగు యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఆ పట్టుదలకు జవాబుగా 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు ఇక్కడ మొదలైంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి 2015లో తాళం పడ్డ జిల్లా కనుక, వచ్చినదాన్ని చూసి సంతోషించాలి. బోర్డు ముందున్న లెక్క 2030కి 100 కోట్ల డాలర్ల ఎగుమతి. ఎగుమతయ్యే పసుపు ఓడరేవు దాటాలంటే పరీక్ష పాసవ్వాలి. ఫెయిలైనది ఎక్కడికి పోతుందో ఊహించడానికి చదువు అక్కర్లేదు. నిజామాబాద్ పసుపు తినడానికి కూడా మనకు పాస్‌పోర్టు ఉంటే బాగుండేది.

బోర్డు ఉన్నది నిజామాబాద్‌లో, యార్డూ నిజామాబాద్‌లోనే. ధరల పట్టికలో కొమ్ము, మండ, చూర పక్కన మందు లేని సరుకుకు నాలుగో గడి ఒకటి గీయమని, అందులో నాలుగు రూపాయలు ఎక్కువ రాయమని అడగండి. సంక్రాంతి దాటితే కొత్త పసుపు వస్తుంది.