గజం ఎంత?

వారపత్రికకు బొమ్మలు వేసినవాడి చెయ్యి సింగిల్ కాలమ్‌కు అలవాటు పడిపోతుంది. కథలో పెళ్ళి జరిగినా, వరద వచ్చినా, ఊరు తగలబడినా ఆర్టిస్టుకు దక్కే జాగా నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పే. అందులోనే కథానాయిక కన్నీరు, ఆమె వెనక కిటికీ, కిటికీలో చందమామ. ఆఖరి నిమిషంలో ఏ సబ్బు ప్రకటనో వచ్చిందంటే ముందు చందమామ పోతుంది, తర్వాత కిటికీ పోతుంది. కన్నీరు మాత్రం ఉంచుతారు, కథ విషాదాంతం కాబట్టి. అలా ఉద్యోగం ముగించుకుని మొయినాబాద్ చేరాక నాకు పెద్ద కాన్వాసు మీద మనసు పోయింది.

ఇక్కడ అలాంటి కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అని చాయ్ హోటల్లో కప్పులు కడిగే కుర్రాడు కూడా చెప్తాడు. సెంటీమీటర్లలో మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు చట్రం సిటీలో చేయించాను. మెహిదీపట్నంలో కూరగాయలు దింపి ఖాళీగా చేవెళ్ల తిరిగి వెళ్తున్న ట్రాలీ ఆటో దొరికింది. డ్రైవరు కాన్వాసును టమాట డబ్బాల తాడుతోనే కట్టి, దారి పొడుగునా గాలికి లేవకుండా నన్ను దాని పక్కన కూర్చోబెట్టాడు. గేటు దగ్గర దింపుతుంటే మా వీధి ప్లాట్ల బ్రోకరు తమ్ముడు బండి ఆపాడు.

“ఏందన్నా ఇది, డోరా?”

“కాన్వాసు తమ్ముడూ. బొమ్మ వేస్తా.”

“ఎంతుంటది?”

“ఆరు బై నాలుగున్నర.”

కాలిక్యులేటర్ తియ్యలేదు. “ఇర్వైయేడు ఫీట్లు. అంటే మూడు గజాలు. గజం ఎంత చెప్తున్నవ్?”

బొమ్మను అలా అమ్మరని చెప్పబోయి, ఆ రాత్రి నేనే లెక్క కట్టుకున్నాను. పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’ మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడుముప్పావు మీటర్ల వెడల్పు. మన లెక్కలో 32 గజాలు. మోనాలిసా 77 బై 53 సెంటీమీటర్లు, అర గజం కూడా లేదు. మర్నాడు ఈ సంగతీ, వాటి విలువా చెప్తే తమ్ముడికి పికాసో మీద గౌరవం కలగలేదు గానీ మోనాలిసా దగ్గర నోరు తెరిచాడు. “అర గజానికి గంత రేటా! ఏడున్నదన్నా అది, మెయిన్ రోడ్డు ఫేసింగా?”

బొమ్మకు వస్తువు వెతుక్కునే పని లేదు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 ఉంటాయి. రోడ్డు వెడల్పు చెయ్యాలా, చెట్లు ఉంచాలా అన్న పేచీ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. అందులో ఊడలు బాగా దిగిన ఒక చెట్టు కింద కూర్చుని చిన్న నోటుబుక్కులో స్కెచ్ వేసుకొచ్చాను. బాగానే వచ్చింది. వస్తుంది మరి, వేసింది నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పులో!

అసలు ఇబ్బంది ఆ స్కెచ్ మీద గళ్ళు కొట్టి కాన్వాసు మీదికి ఎక్కించినప్పుడు తెలిసింది. పత్రికల్లో మేం అచ్చుకు వెళ్ళే సైజు కన్నా పెద్దగా వేసేవాళ్ళం. బ్లాకులో తగ్గించినప్పుడు చెయ్యి వణుకు అణిగిపోయి గీత చిక్కబడుతుంది. మా తరం ఆర్టిస్టుల పేరు ప్రతిష్ఠల్లో సగం ఆ తగ్గింపుదే. ఇక్కడ వ్యవహారం తలకిందులు. స్కెచ్ ముప్పై రెట్లు పెరిగింది. అర మిల్లీమీటరు పెన్ను గీత ఒకటిన్నర సెంటీమీటరు పట్టీ అయి కూర్చుంది. నేను వేళ్ళతో విదిలించిన ఊడలన్నీ కరెంటు పని మధ్యలో ఆపేసి వదిలిన పైపుల్లా వేలాడాయి. చిన్న బొమ్మ వేళ్ళతో వేసేది, పెద్ద బొమ్మ భుజంతో వేసేది. నా భుజం ఇన్నేళ్ళూ సంచీ మొయ్యడం తప్ప వేరే కళ నేర్వలేదు.

గళ్ళు చెరిపేసి, హార్డ్‌వేర్ షాపులో గోడలకు వేసే రెండంగుళాల బ్రష్షు కొని మళ్ళీ మొదలుపెట్టాను. 20 మిల్లీలీటర్ల ఆక్రిలిక్ ట్యూబు రెండు ఊడలకే చెల్లిపోయింది. ఎండాకాలం కావడంతో ఆకాశం ఒక చివర పూస్తుంటే ఇంకో చివర ఆరిపోయి, మధ్యలో సరిహద్దు రాళ్ళు పాతినట్టు గీత పడుతోంది. దగ్గరికెళ్ళి ఒక ఊడ వెయ్యడం, వెనక్కి నడిచి చూడడం, మళ్ళీ దగ్గరికెళ్ళడం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఇన్ని తిరుగుళ్ళు చిలుకూరు బాలాజీ గుళ్ళో తిరిగితే మొక్కు పదకొండూ, తీరాక నూట ఎనిమిదీ కూడా అయిపోయేవి, వీసా అన్నా వచ్చేది” అంది.

కొన్నాళ్ళకు చెట్టు నిలబడింది. బ్రోకరు తమ్ముడు సైటు విజిట్‌కు వచ్చాడు. చెట్టును మెచ్చుకున్నాడు. పైన ఎడమవైపు ఏమీ లేకుండా వదిలిన చోట వేలు పెట్టాడు.

“గింత జాగ ఖాళీగ ఎందుకిడిసినవ్?”

“ట్రిపుల్ వన్ జీవో తమ్ముడూ.”

అతనికి ఇంక వివరించనక్కర్లేకపోయింది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు 10 కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో ఎడాపెడా కట్టొద్దని 1996లో వచ్చిన జీవో అది. అది ఉన్నట్టా పోయినట్టా అని మా చాయ్ హోటల్లో ఇప్పటికీ తేలలేదు. నా కాన్వాసు మీద మాత్రం పక్కాగా అమల్లో ఉంది. సింగిల్ కాలమ్‌లో ఖాళీ వదిలితే ఎడిటరు అక్కడ జోకు పెట్టేవాడు. మూడు గజాల్లో ఖాళీ వదలకపోతే చెట్టుకు ఊపిరాడదు.

ఇంతలో మా ఆవిడ మొదటి రోజే అడిగి, నేను విననట్టు నటించిన ప్రశ్న మళ్ళీ వేసింది: “ఏమండీ, దీన్ని కిందికెట్లా దింపుతారు?” ఎక్కించేటప్పుడు గుడ్డ ఊడదీసి, చట్రం కర్రలు విడదీసి మేడ మీదికి చేర్చి, అక్కడ మళ్ళీ బిగించాం. బిగించాక మెట్ల మలుపులో తిరగదు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ప్రయత్నించాం. వడ్రంగి గోడ పగలగొడదామన్నాడు. గోడ ఖర్చు బొమ్మ ధర దాటుతోంది.

చేర్యాల నకాషీ వాళ్ళు అప్పుడు గుర్తొచ్చారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ముప్పై నలభై అడుగుల కులపురాణం వేసి, చుట్టచుట్టి చంకన పెట్టుకుపోవడానికి కథలు చెప్పేవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. ఏ ఊళ్ళో విప్పితే అక్కడే రాత్రంతా కథ. ఇప్పుడు కథ చెప్పేవాళ్ళూ, రాత్రంతా వినేవాళ్ళూ తగ్గారు. కొనేవాళ్ళ గోడలకు సరిపడా ఆ బొమ్మలు అడుగు, అడుగున్నర ఫ్రేముల్లోకి వచ్చేశాయి. వాళ్ళు పెద్ద నుంచి చిన్నకు వచ్చారు, నేను చిన్న నుంచి పెద్దకు బయల్దేరాను. బొమ్మ సైజు వేసేవాడి గొప్ప చూసి కుదరదు, అది వెళ్ళాల్సిన చోటును బట్టి కుదురుతుంది.

మేకులు పీకి, గుడ్డ చుట్టి, మర్రిచెట్టును భుజాన వేసుకుని దిగాను. పెద్ద కాన్వాసు కోరిక ఉన్నవాళ్ళు దయచేసి గోడ కన్నా ముందు మెట్ల మలుపు కొలుచుకోండి. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే ముడతలు పడి పెచ్చులూడుతుంది. గజం రేటు మాత్రం నన్నడక్కండి, బ్రోకరు తమ్ముణ్ణి అడగండి, రెండు శాతం కమీషన్.