భీమాలి చాపను నేను

నేను ఈత చాపను. విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలం భీమాలిలో, ఒక ఇంటి పెరట్లో గుంజలు పాతి కట్టిన వెదురు మంచె మీద నా కాపురం. నా మీద ఎవరూ కునుకు తీయరు, పెళ్లి విందులకు నన్ను పరవరు. వేసవిలో నా మీద మామిడి రసం పోసి ఎండబెడతారు, తాండ్ర ఒలుచుకుంటారు. ఆ తరవాత కడిగి, ఆరబెట్టి, చుట్టి అటకెక్కిస్తారు. మళ్లీ తోటల్లో కాయ ముదిరేదాకా అక్కడే ఉంటాను.

గట్ల మీది ఈత మట్టల నుంచి ఆకు దూసి, పాయలు పాయలుగా నన్ను అల్లిన చేతులు ఎవరివో నాకు గుర్తులేదు. నన్ను కొన్న అత్తమ్మ చేతులు మాత్రం బాగా తెలుసు. మొదటిరోజు నన్ను రెండు వైపులా కడిగి ఎండలో వేసి, అల్లిక సందుల్లో వేలు పెట్టి చూసింది. సందులు పెద్దవైతే రసం కారిపోతుంది మరి. ‘‘పర్నేదే, బాగానే అల్లినారు’’ అంది కోడలితో. ఆ మాటతో నేను ఈ ఇంటిదాన్నయ్యాను.

మా వైపు తోటల్లో సువర్ణరేఖకు, బంగినపల్లికి బేరగాళ్లు కాయ చెట్టు మీదుండగానే వస్తారు. పచ్చి మీదే కోసి, పెట్టెల్లో గడ్డి పరిచి సర్ది, లారీలకెత్తి దూరదేశం పంపుతారు. కోలంగోవకూ నాటు రసాలకూ ఆ యోగం లేదు. తీపికి లోటు లేదు, రసానికి లోటు లేదు. కానీ పీచు ఎక్కువ, పండాక త్వరగా మెత్తబడతాయి, ప్రయాణానికి ఆగలేవు. పైగా అన్నీ ఒక్కసారే పండుతాయి. ఊరి చుట్టూ తోటలే ఉన్నప్పుడు ఊళ్లో కొనేదెవరు? మే నెలలో ఈదురుగాలి లేచిందంటే ఒక్క రాత్రిలో చెట్ల కింద కాయ పరుచుకుంటుంది. తెల్లవారి ఏరుకుని సంతకు తీసుకెళ్తే దెబ్బ తగిలిన కాయ అని సగానికి అడుగుతారు. పొద్దు వాలేసరికి ఆ సగమూ ఉండదు. బండి కిరాయి కూడా గిట్టదని కాయను గట్టు మీదే వదిలేసి వచ్చిన రైతుల గురించి ఈ పెరట్లో చాలా మాటలు విన్నాను.

ఆ కాయ కోసమే నేను పుట్టాను.

మగ్గిన పళ్ల గంపలు ముందేసుకుని ఆడవాళ్లు చీకటితోనే కూర్చుంటారు. కడగాలి, తొడిమ దగ్గర సొన పిండేయాలి, తోలు తీయాలి, టెంక పిసకాలి. సొన రసంలో పడితే తాండ్ర వగరెక్కుతుంది, చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది. సీజను ముగిసేసరికి ఆ వేళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, రోజూ నన్ను తడిమేవి అవే గదా. పిసికిన గుజ్జును జల్లెడలో రుద్దితే పీచు పైన నిలిచిపోతుంది. కిందికి దిగిన రసంలో బెల్లమో పంచదారో కలుపుతారు. బెల్లమైతే పక్కనే అనకాపల్లి ఉంది. బెల్లం తాండ్ర ముదురు రంగు తిరుగుతుంది, పంచదార తాండ్ర పసుప్పచ్చగా మెరుస్తుంది. కొనేవాళ్లు ఎక్కువగా పసుపుదే అడుగుతారు. నా మటుకు నాకు బెల్లం తాండ్ర వాసనే ఇష్టం.

మంచె మీద ఎండ పొడ పడగానే మొదటి పూత. రసం నా నడుమ పోసి అరచేత్తో అంచుల దాకా పలచగా సర్దుతారు. సాయంత్రానికి వేలికి అంటకుండా ఆరాలి. మర్నాడు దాని మీద ఇంకో పూత. అలా ఎండను బట్టి మూడు నాలుగు వారాలు సాగుతుంది. త్వరగా ముగించాలని ఒకేరోజు మందంగా పోస్తే పైన పొర కట్టేసి లోపల తడి నిలిచిపోతుంది. ఆనక పులిసిన వాసన మొదలవుతుంది. ఆ పూతతోపాటు దాని కింద ఉన్న రోజుల పనంతా పోతుంది. అందుకే ఎంత పని ఒత్తిడిలోనైనా పూత మందం అత్తమ్మే చూసుకుంటుంది.

ఇందులో జరిగేది చెప్పడానికి తేలికే. మాగిన మామిడి గుజ్జులో వందకు ఎనభై వంతులు నీరే. అది పదిహేను, ఇరవై వంతులకు దిగేదాకా ఎండ లాగేస్తుంది. మిగిలిన తడిని బెల్లమూ, పండులోని తీపీ కలిసి పట్టి ఉంచి బూజుకు అందనివ్వవు. పండులోని పులుపు దానికి తోడు. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఇదే సూత్రంతో గుజ్జును ట్రేలలో పోసి, వేడిగాలితో ఆరబెట్టి పండ్ల బార్లు చేసే పద్ధతిని రూపొందించింది. భీమాలి ఆడవాళ్లకు అదే సంగతి ఎండను చూసి, వేలితో తాకి తెలిసింది. ఆ తెలివికి ఏ పట్టా లేకపోయినా అది శాస్త్రమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మాకు భయమల్లా వాన. పడమట మబ్బు కమ్మిందంటే వీధి వీధంతా ఒకటే కేక: ‘‘ఓలమ్మో, వానొచ్చీసినాది! సాపలెత్తండే బేగి!’’ పొయ్యి మీద కూర వదిలి ఒకరు, బిడ్డను చంకనేసుకుని ఒకరు పరిగెత్తి వస్తారు. నాలుగు మూలలా పట్టి, ఒరగకుండా నన్ను వసారాలోకి చేరుస్తారు. చినుకులు పడ్డ తాండ్ర మచ్చలు తేలుతుంది, మచ్చ ఉన్నదాన్ని ఎవరూ కొనరు. గాలివాన తోటల్నే ఎత్తుకుపోయిన ఏడాది గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఉత్తరాంధ్రలో ఎన్నో మామిడి చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కూలిన చెట్టు స్థానంలో మొక్క నాటి, అది నిండుగా కాసేదాకా ఎదురుచూడాలంటే ఒక ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

ఒలిచే రోజు మాత్రం పండగే. చాకుతో అంచులు లేపి, చుట్ట చుట్టినట్టు మెల్లగా లాగుతారు. వెనకవైపు నా అల్లిక అచ్చు దిగి ఉంటుంది. టెంకలు కూడా వృథా పోవు. అంటు మొక్కలకు వేరుమొక్కలు పెంచేవాళ్లకు టెంకలే విత్తనం. మన్యం ఊళ్లలో టెంక పిండితో అంబలి కాచుకుంటారు.

ఇంత చేశాక కూడా లాభం ఇంటింటికీ ఒకేలా రాదు. నా మనసులో బరువంతా ఇక్కడే. పళ్లకు రొక్కం, బెల్లానికి రొక్కం, కూలికి రొక్కం. అదంతా వడ్డీకి తెచ్చిన ఇల్లు జూన్‌లోనే అప్పు తీర్చాలి. అందుకని తాండ్ర ఆరీ ఆరకముందే అడిగిన ధరకు ఇచ్చేస్తుంది. పండును తెగనమ్ముకున్న రైతుకూ ఆ ఇంటికీ తేడా ఏముంది? అదే తాండ్రను పొడిచోట దాచి దసరాకో సంక్రాంతికో అమ్మగలిగిన ఇల్లు నిలదొక్కుకుంటుంది. సాయంత్రానికి కుళ్లే పండుకు నేనిచ్చేది నెలల గడువు. ఆ గడువు కష్టపడ్డవాళ్ల చేతిలో ఉండాలి. వాళ్ల దగ్గర పెట్టుబడి లేకపోతే అది షావుకారు గోదాములోకి పోతుంది.

2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం గురించి పొదుపు సంఘం వాళ్లు ఈ పెరట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. యంత్రాలకూ షెడ్డుకూ పెట్టే ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా రాయితీ. ఆహారం తయారుచేసే సంఘ సభ్యురాలికి 40 వేల దాకా తొలి పెట్టుబడి. అందరూ యంత్రాల మాటే ఎత్తారు. నా కన్ను మాత్రం ఆ 40 వేల మీదే పడింది. అప్పులవాడి దగ్గరికి పోకుండా గంపెడు పళ్లు కొనగలగడం, ఆరిన సరుకును నాలుగు నెలలు ఆపగలగడం దానివల్లే గదా.

2025 వేసవిలో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. పాత గుజ్జే అమ్ముడుపోకుండా నిల్వ ఉందన్నారు. చివరికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిస్తే, తాను 4 రూపాయలు కలిపి 12 చేస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. అంత పంటను చాపలు మోయలేవు, ఫ్యాక్టరీలు కావాల్సిందే. కానీ జిల్లా పంటంతా ఒక్క గుమ్మం ముందే నిలబడితే, ఆ గుమ్మం మూసుకున్న రోజున రైతుకు దిక్కుండదు. ఊరూరా నాలుగు మంచెలు, ఒక సోలార్ డ్రయ్యరు, తడి తగలని ఒక గది ఉంటే కొంత కాయైనా అక్కడ ఆగుతుంది.

మా సంఘం డ్రయ్యరు కోసం దరఖాస్తు పెట్టింది. ప్లాస్టిక్ కప్పు కింద ఈగ వాలదు, దుమ్ము పడదు, వారాల పని రోజుల్లో అవుతుంది. అందులో స్టీలు ట్రేలు ఉంటాయట. నాకు చోటుండకపోవచ్చు. అయినా అది రావాలనే కోరుకుంటున్నాను. మబ్బు పట్టినప్పుడల్లా గుండెలు చేత్తో పట్టుకుని పరిగెత్తే పని ఈ ఆడవాళ్లకు తప్పాలి.

ఈ ఏటి తాండ్ర నిన్న కోశారు. ముక్కలు తూచి, సంఘం పేరూ ఆహార భద్రత నమోదు సంఖ్యా ఉన్న కాగితాలు అంటించారు. ఊరి షావుకారు మనిషి మొత్తం ఒక్కసారే ఎత్తుకుపోతానని వచ్చి కూర్చున్నాడు. కోడలు అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ పద్దుల పుస్తకం తెప్పించి, పళ్లకూ బెల్లానికీ అయిన ఖర్చు లెక్క చెప్పించుకుంది.

‘‘ఆ కర్సుకి సరిపడ ఇప్పుడు ఇచ్చీయండి బావూ. మిగిల్నది దసరాకి అమ్ముకుంతాం’’ అంది.